సావిటా ఇరవై మూడు

"ఈ కార్డుల నా పేరెందుకున్నది?"

కౌంటరు వెనక సవిత, ప్రభు తెచ్చిన మెమరీ కార్డు పెట్టిన కంప్యూటరు తెరను అతని వైపు తిప్పింది. ఆమె గొంతు పెద్దదేమీ కాదు. అయినా నిజామాబాద్ ఖలీల్‌వాడిలోని ఆ జిరాక్సు దుకాణంలో ఆధార్ కాగితాలు పట్టుకుని నిలబడ్డ పదిమందీ తలలు తిప్పారు. వరసలో నిలబడి విసిగిన మనిషికి ఎదుటివాడి పరువు పోవడం కన్నా మంచి కాలక్షేపం లేదు.

ప్రభు తెర చూశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో ఇరవై మూడు ఫైళ్లు. అన్నిటికీ ఒకటే పేరు. చివర అంకె మాత్రం వేరు.

"నీ పేరు కాదు మేడం. గది కంపెనీ పేరు. సావిటా."

"ఏం కంపెనీ?"

"జపాన్‌ది. కీబోర్డు లోపలి టెక్నాలజీ. మా ఊర్ల అందరికి ఎరుకే."

వెనక ఎవరో ముక్కుతో నవ్వారు. సవిత మెడలో వేలాడే గుర్తింపు కార్డు తీసి అతని కళ్ల ముందు పెట్టింది.

"సదువు. ఎస్, ఏ, వి, ఐ, టి, ఏ. ఇది జపానా? మొన్న ఒకడు ఫోటో జిరాక్సుకిచ్చి ఎనక ఫోన్ నంబర్ రాసిండు. నువ్వు ఏకంగ ఇరవై మూడు ఫైళ్లకు పేరు వెట్టుకొచ్చినవ్. కష్టపడ్డవ్ అన్నా. శాన కష్టపడ్డవ్."

ప్రభుకు గుచ్చుకుంది. తిట్టినందుకు కాదు. అంత చక్కటి పిల్ల 'అన్నా' అన్నందుకు.

ప్రభుది ఎడపల్లి. ఇరవై ఆరేళ్లు. డిగ్రీ అయి నాలుగేళ్లయింది. అడిగినవాళ్లకు గ్రూప్స్‌కు చదువుతున్నానని చెప్తాడు. పుస్తకాలున్నాయి, అట్టలు నలగలేదు. ఇంటి వరిని తల్లి గంగమ్మ చూసుకుంటుంది. వారంలో ఆరు రోజులు ఊళ్లో అతన్ని ఎవరూ లెక్కచెయ్యరు. ఏడో రోజు మాత్రం అతను లేనిదే మెథడిస్టు చర్చిలో పాట లేవదు. కీబోర్డు మాస్టరు అతనే. పైగా పేరు ప్రభు. ప్రార్థనలో ఎవరు కళ్లు మూసుకుని "ప్రభూ" అన్నా మొదట్లో ఇతను వెనక్కి తిరిగి చూసేవాడు.

అసలు సంగతి ఏమిటంటే, ప్రభుకు కీబోర్డు రాదు.

రెండేళ్ల కింద చర్చివాళ్లు బోధన్‌లో బ్యాండు సామాన్ల దుకాణం నుంచి ఒక పాత కీబోర్డు తెచ్చారు. "నేను నేర్చుకుంట" అని ప్రభు ముందుకొచ్చాడు. ఆ కుర్చీలో కూర్చుంటే ఆడపిల్లల చాప ఎదురుగా కనిపిస్తుంది. అంతకు మించి సంగీతం మీద ప్రేమేమీ లేదు. మొదటి ఆదివారం వేలికి దొరికిన బటన్ నొక్కాడు. కీబోర్డు తనంతట తానే ఒక పాట మొదటి నుంచి చివరి దాకా వాయించింది. భయపడి రెండు చేతులూ కీబోర్డు తెల్ల నల్ల మెట్ల మీద పరిచి కప్పేశాడు. పాట అయిపోయింది. "ఎంత జల్ది నేర్చుకున్నడు!" అన్నారు జనం. జనం చెవులతో వినరు, కళ్లతో వింటారు.

లోపల ఒక మెమరీ కార్డు ఉంది. అందులో ఇరవై రెండు పాటలు, ఎవరో ఎప్పుడో వాయించి దాచినవి. ఇరవై మూడోది సగంలో ఆగిపోయేది. దాని జోలికి పోలేదు. పాటల పుస్తకం అంకెకు ఏ సావిటా అంకె నొక్కాలో ఒక చీటీ మీద రాసి కీబోర్డుకు అంటించుకున్నాడు. రెండేళ్లు మాస్టరుగా బతికాడు.

చిక్కు ఒక్కటే. ప్రతి పాటలో, నడుమ ఒకచోట, ఎడమచేతి మోత ఆగిపోయేది. రెండుసార్లు కళ్లు ఆర్పినంతసేపు కుడిచేతి రాగం ఒక్కటే నడిచేది. మెట్ల మీద ఎడమచెయ్యి ఉండి మోత లేకపోతే దొరికిపోతాడు. అందుకని ఆ చోటు రాగానే ఎడమచెయ్యి గాల్లోకి లేపేవాడు.

మొదటిసారి జనం నోళ్లు తెరిచారు. మూడో వారానికి కుర్రకారు తామూ ఎడమచేతులు లేపారు. తర్వాత ముసలమ్మలు. జోసెఫ్ పాస్టరయ్య దాని మీద మూడు ప్రసంగాలు చేశాడు. కుడిచెయ్యి పని చేస్తుందట, ఎడమచెయ్యి సాక్ష్యమిస్తుందట. కోటగిరి చర్చివాళ్లు అదే చోట కుడిచెయ్యి లేపడం మొదలుపెట్టారు. ఏ చెయ్యి దేవునికి ఇష్టమన్న దాని మీద రెండూళ్ల మధ్య మాటలు పెరిగి, ఒక సంబంధం కూడా చెడింది.

ఇంతలో కార్డు మొరాయించింది. పోయిన ఆదివారం పాట మధ్యలో కీబోర్డు తెర మీద ఎర్రర్ అని మెరిసింది. ప్రభు దగ్గు తెచ్చుకుని ఆ పూట గడుపుకున్నాడు. రెండోసారి దగ్గితే టీబీ అంటారు. కార్డు పూర్తిగా చచ్చేలోపు బ్యాకప్ తీయించుకోవాలని నిజామాబాద్ బస్సెక్కాడు.

ఇప్పుడు ఇక్కడ నిలబడ్డాడు.

"తల్లి తోడు, ఆ పేర్లు నేను వెట్టలే" అన్నాడు. "కీబోర్డు కొన్ననాడే ఉన్నయి."

సవిత కళ్లు ఫైళ్ల పక్కనున్న తారీఖుల మీద ఆగిపోయాయి. అన్నీ మూడేళ్ల కిందటివి.

"కీబోర్డు ఏడ కొన్నరు?"

"బోధన్ల. పాతది."

"నల్లదా?"

"అవ్."

"కుడిపక్క ఆఖరి తెల్లమెట్టు మీద గులాబి మరక ఉన్నదా? గోర్లరంగు?"

ప్రభు నోరు తెరిచాడు. ఆ మరకను గోకీ గోకీ అతని గోరే అరిగింది కానీ అది పోలేదు.

"నీకెట్ల ఎరుక?"

"ఏడో తరగతిల నేనే పోసిన" అంది సవిత. "గది మా అమ్మ కీబోర్డు. ఎనిమిది అక్షరాల కన్న ఎక్కువ పేరు పట్టదని, నా పేరు రాసి ఎనక అంకె ఏసేది."

వరసలో ముందున్న పెద్దమనిషి తన ఆధార్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇక తొందరేం లేదన్నట్టు గోడకు ఆనుకున్నాడు.

సవిత ఇరవై మూడు ఫైళ్లూ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. పెన్‌డ్రైవ్‌లోకి ఒకసారి, తన మెయిల్‌లోకి ఒకసారి. చివరి ఫైలుకు కంప్యూటరు నాలుగుసార్లు ఆగి ఆగి నడిచింది. ఆ తర్వాత కార్డును ఎంత పెట్టి తీసినా తెర మీద ఏమీ రాలేదు. చచ్చిపోయింది.

"పాటలు దక్కినయి కదా?" అన్నాడు ప్రభు. "కొత్త కార్డుల ఏసియ్యి మేడం. ఆదివారం కావాలె."

"ఏ పాట ఎట్ల మొదలువెడ్తవ్?"

"మామూలుగ..."

"నాకు మామూలు తెలుసు. పాట నంబర్ కొట్టి స్టార్ట్ ఒత్తుతవ్. తర్వాత చేతులు ఆడిస్తవ్. అంతేనా?"

"మెల్లగ మాట్లాడు. మా ఊరోళ్లు గీ దుకాణానికి వస్తరు."

"అయితే మా అమ్మ వాయిస్తుంటే ఎడపల్లోళ్లు నీకు చప్పట్లు కొడుతుండ్రు."

"మాది చర్చి, చప్పట్లుండవ్. ఆమెన్ అంటరు."

అది నవ్వు తెప్పించే మాట కాదు. అయినా సవిత పెదవి ఒక పక్కకు కదిలింది. వెంటనే గట్టిపడింది.

"ఒక్క పాట ఏసిస్త. మోత వేగం తగ్గించుకుని, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో సూసుకుంట, సొంత చేతులతోటి నేర్చుకో. ఫోన్ల వీడియో తీసి గురువారం తెచ్చి సూపియ్యి. మంచిగుంటే రెండో పాట. లేకుంటే లేదు."

"ఇదేం కిరికిరి! కీబోర్డు మా చర్చిది."

"కీబోర్డు మీదే. పాటలు మా అమ్మయి. పేరు నాది. యాడ కేసేసుకుంటవో ఏసుకో, సావిటా."

ఆ రోజు ప్రభు ఒక్క పాటతో ఊరికి పోయాడు. దారంతా సిగ్గు. కానీ జానకంపేట దాటాక ఒక సంగతి గుర్తొచ్చి కొంచెం తేలికపడ్డాడు. చివర్లో ఆమె 'అన్నా' అని పిలవలేదు.

సులువైన పాట అని సవిత ఇచ్చింది. అది సమాధి దగ్గర పాడే పాట.

నాలుగు ఆదివారాలు ఎడపల్లి చర్చిలో ఆ ఒక్క పాటే మోగింది. మొదటి ఆదివారం ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని "ఎవరు పోయిండ్రు?" అని ఒకరినొకరు అడిగారు. రెండో ఆదివారం తర్వాత, ఆరు నెలలుగా మంచంలో ఉన్న రామ్‌దాస్ తాత నుంచి కబురొచ్చింది: "నేనింక బతికే ఉన్న. గా పాట ఆపుండ్రి."

"ప్రభూ, వేరే పాట లేదానయ్యా?" అన్నాడు జోసెఫ్ పాస్టరయ్య.

"ఆత్మ గిదే నడిపిస్తుంది పాస్టరయ్యా."

పాస్టరయ్య ఆత్మతో వాదం పెట్టుకునే మనిషి కాదు. మరణం మీద నాలుగు ప్రసంగాలు రాసుకున్నాడు.

వాయించడం రానప్పుడు ప్రభును ఊరు నెత్తిన పెట్టుకుంది. నిజంగా వాయించడం మొదలుపెట్టగానే పెదవి విరిచింది. "మునుపెంత మంచిగ కొట్టేటోడు! ఇప్పుడు చేతులు తడబడుతున్నయి. తాగుతుండేమో" అన్నారు మగవాళ్లు. "తాగుడు కాదు, ఎవతెనో సూసుకున్నడు" అన్నారు ఆడవాళ్లు. ఎప్పటిలాగే ఆడవాళ్లు సత్యానికి దగ్గరగా ఉన్నారు.

గురువారం గురువారం అతను నిజామాబాద్ బస్సెక్కేవాడు. ఆడవాళ్లకు టికెట్ లేని బస్సులో మగవాడికి టికెట్ ఉంటుంది, సీటుండదు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేతి వేళ్లతో తొడ మీద పాట వాయించుకుంటూ పోయేవాడు. చూసినవాళ్లు గజ్జి అనుకునేవారు.

దుకాణంలో మధ్యాహ్నం రెండింటికి రద్దీ తగ్గుతుంది. ఒకటే ఇయర్‌ఫోన్. ఒక పోగు ఆమె చెవిలో, ఒక పోగు ఇతని చెవిలో. వైరు పొట్టిది. అది ఎవరి తప్పూ కాదు.

"రెండో చరణంల తప్పు కొట్టినవ్."

"ఏడ?"

"ఇగో, ఇక్కడ. నక్క కాలు తొక్కినట్టు కూత పెట్టింది."

"నీకు వాయించుడు రాదు కదా. తప్పెట్ల తెలుస్తది?"

"వంట రానోడికి ఉప్పెక్కువైంది తెల్వదా?"

అయిదో గురువారం వాన. ఖలీల్‌వాడి రోడ్డు మీద నీళ్లు నిలబడి, ఆసుపత్రులకు వచ్చిన రోగుల చెప్పులు డాక్టర్ల కన్నా ముందే వాళ్లను వదిలి పోతున్నాయి. షట్టరు సగం దించుకుని ఇద్దరూ లోపల వీడియో చూస్తున్నారు. పాట మధ్యలో ప్రభు ఎడమచెయ్యి గాల్లోకి లేచింది. సవిత వీడియో ఆపింది.

"చెయ్యెందుకు లేపినవ్?"

"గది నా స్టైల్" అన్నాడు ప్రభు గర్వంగా. "మా ఊరంత అదే. కోటగిరోళ్లు గూడ కాపీ కొట్టిండ్రు, కుడిచెయ్యి తోటి. అసలు కార్డుల గూడ ఆడ ఎడమచెయ్యి మోత ఉండది. నేర్చుకున్నప్పుడు అది గూడ అట్లనే నేర్చుకున్న."

సవిత అతని వైపు చాలాసేపు చూసింది. ఆ చూపు ఏ రకందో ప్రభుకు అర్థం కాలేదు. వానలో తడిసిన మనిషి మీద గొడుగు పట్టాలా, రాయి విసరాలా అని ఆలోచించేదిలా ఉంది.

"ఆడ మా అమ్మ పేజీ తిప్పేది" అంది.

"ఏం పేజీ?"

"పాటల పుస్తకం పేజీ. అమ్మకు కండ్లు సరిగ కనపడకపోయేది. పెద్దక్షరాల పుస్తకం కొన్నది. పెద్దక్షరాలైతే ఒక పాట ఒక పేజీల పట్టది కదా. రాగం కుడిచేతిల ఉంటది, గది ఆపరాదు. అందుకే ఎడమచేత్తో తిప్పేది. తిప్పినంతసేపు ఎడమచెయ్యి మోత ఉండది."

షట్టరు మీద వాన చప్పుడు. ప్రభుకు రెండేళ్లుగా చర్చిలో లేచిన చేతులన్నీ ఒక్కసారి కళ్ల ముందు లేచాయి. ముసలమ్మలవి, పిల్లలవి, పాస్టరయ్యది. కోటగిరివాళ్లది కూడా.

"అయితే మేమంత..."

"మీరంత పేజీ తిప్పుతుండ్రు" అంది సవిత. ఆ మాట అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చున్నీతో కళ్లు తుడుచుకుంది. ప్రభు ఆమె నవ్వు చూశాడు. కళ్లు తుడుచుకోవడమూ చూశాడు. ఆ వారం బస్సులో తొడ మీద వేళ్లు ఆడలేదు.

ప్రభు మంచివాడు కాకపోయినా సిగ్గున్నవాడు. శనివారం పోయి పాస్టరయ్యకు అంతా చెప్పాడు. రెండేళ్లు తను వాయించలేదని, బటన్ మాత్రం నొక్కానని, ఎడమచెయ్యి దేవునిది కాదని, పేజీదని.

జోసెఫ్ పాస్టరయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"వినయం మంచిదే నాయనా. అంతమాత్రాన అబద్ధమాడొద్దు. దాని మీద మూడు ప్రసంగాలు చెప్పిన. పైన సూపరింటెండెంటయ్యకు గూడ రాసి పంపిన. నువ్వు పేజీ గీజీ అనకు."

నిజం చెప్పడానికి ధైర్యం ఒక్కటే చాలదు. వినేవాడికి అప్పటికి ప్రసంగం రాసుకుని ఉండకూడదు.

వానలు పోయాయి. చెరుకు ఏపుగా పెరిగింది. ప్రభు చేతులు తడబడటం తగ్గింది. రెండు, తొమ్మిది, పదిహేను. ఒక పాట వస్తే ఇంకో పాట కార్డులోకి వచ్చేది. నేర్చుకున్నాక ఆ కార్డు పాటతో అతనికి పనుండేది కాదు. ఇరవై రెండు పాటలు తిరిగి దక్కేసరికి, ఒక్కటీ అవసరం లేనివాడయ్యాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఎత్తలేదు.

"ఇరవై మూడోది?" అన్నాడు ఆ గురువారం.

"అది లేదు."

"ఉన్నది. నేను తెర మీద సూసిన."

"ఉంటే ఉన్నది. ఇయ్య."

"ఎందుకు?"

సవిత స్టాప్లర్‌లో పిన్నులు సర్దుతూ, తల ఎత్తకుండా అంది. "గదిచ్చినంక గురువారం గురువారం నీకు ఖలీల్‌వాడిల ఏం పనుంటది?"

ప్రభు గుండె ఎడమచెయ్యి లేపింది.

"పండ్ల డాక్టర్లు శానమంది ఉన్నరు కదా ఈడ" అన్నాడు. "వారానికొక పన్ను పీకిచ్చుకుంట. ముప్పై రెండు వారాలు."

"అటెన్క?"

"పండ్లు లేనోన్ని ఇంకెవ్వరు చేసుకుంటరు? నువ్వే చేసుకోవాలె."

స్టాప్లర్ ఆగింది. సవిత తలెత్తింది. ఎర్రబడ్డ ముఖంతో తిట్టడానికి మాట వెతికి, దొరక్క, "పండ్లుండంగనే అడుగరాదా, సావిటా?" అంది.

అడిగాడు. అవునంది. కానీ అంతటితో అయిపోలేదు.

"మా బాపును అడగాలె. నేనడుగ. నేను ఆయనతోటి మాట్లాడ" అంది.

మూడేళ్లుగా ఆ ఇంట్లో రెండే మాటలు నడుస్తున్నాయి. "అన్నం పెట్టిన." "తాళం ఏసుకో." సవిత తండ్రి దేవయ్య బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తూకం దగ్గర పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక నిజామాబాద్ వచ్చి ఒక రైస్‌మిల్లులో తూకం దగ్గరే కూర్చున్నాడు. భార్య సుమిత్రమ్మ పోయిన పదో రోజు, సవిత కాలేజీ నుంచి వచ్చేసరికి కీబోర్డు ఇంట్లో లేదు. ఎందుకు అమ్మావంటే జవాబు లేదు.

"గదొక్కటే కాదు" అంది సవిత. "ఇరవై మూడో పాట ఎందుకు సగముందో ఎరుకనా? అమ్మ రెండో చరణం అయి పేజీ తిప్పబోయింది. లోపల నుంచి బాపు ఛాయ్ అని పిలిచిండు. అమ్మ పుస్తకం మూసి లేసింది. రేపు వాయిస్త అన్నది. తెల్లారి జ్వరం. మల్ల కీబోర్డు కాడ కూసోలేదు. అందుకే ఆయనకు గీ పాటల సంగతి చెప్పలే. వినే హక్కు ఆయనకు లేదు."

ప్రభుకు లోపల ఒక మాట మెదిలింది. ఛాయ్ అడిగిన మనిషి మీద మూడేళ్ల శిక్ష. అడిగిననాడు ఆయనకేం తెలుసు? కానీ ఆ మాట అనేంత ధైర్యం ప్రేమ కుదిరి పది నిమిషాలైన మగవాడికి ఉండదు.

మరునాడు మిల్లుకు పోయాడు. దేవయ్య కాటా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా వచ్చినదాన్ని, మనిషైనా బస్తా అయినా, ఒకేలా చూసే మనిషి.

"ఏం పని చేస్తవ్?"

"గ్రూప్స్‌కు..."

"పని అడిగిన."

"పొలం ఉన్నది. చర్చిల కీబోర్డు వాయిస్త."

దేవయ్య ముఖం తలుపు వేసినట్టు మూసుకుంది.

"గా సామాను నా ఇంటికి రావద్దు. వాయించేటోడు గూడ రావద్దు. పో."

ప్రభు పోలేదు. కాటా పక్కనే నిలబడి అన్నాడు.

"మీరు అమ్మిన కీబోర్డే మామా. మా ఎడపల్లి చర్చిల ఉన్నది. దాంట్ల అత్తమ్మ వాయించిన పాటలున్నయి. ఆ పాటలు సూసే నేను నేర్చుకున్న. ఎల్లుండి ఆదివారం మాకు కోతపండుగ."

కాటా మీద బస్తా పడింది. దేవయ్య అంకె చూడలేదు. హమాలీ రెండుసార్లు అడిగినా చెప్పలేదు. ప్రభు అక్కడి నుంచి వచ్చేశాడు.

"చెప్పొద్దంటే చెప్పినవా?" అని సవిత ఫోన్లో అరిచింది. రెండు గంటలు మాట్లాడలేదు. సాయంత్రం ఆమే వాట్సాప్‌లో ఒక ఫైలు పంపింది. సావిటా ఇరవై మూడు. దాని కింద ఒక్క ముక్క: "సగంల ఆపితే నా మొఖం సూడకు."

కోతపండుగ నాడు చర్చి తలుపుకు రెండు వైపులా చెరుకు గడలు కట్టారు. లోపల వరి కట్టలు, గుమ్మడికాయలు, పసుపు కొమ్ములు, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు. పాస్టరయ్య ఏ మాట అన్నా కోళ్లు ముందుగా ఆమెన్ అంటున్నాయి. సవిత ఆడవాళ్ల చాప మీద గంగమ్మ పక్కన కూర్చుంది. గంగమ్మ ఆమెను పై నుంచి కింది దాకా చూసి, "తాగుడు కాదని నేనప్పుడే అనుకున్న" అంది.

దేవయ్య రాలేదు.

ప్రభు అడిగి పెట్టించుకున్న ఆ ఇరవై మూడో ఫైలు పాట అంకెను పాస్టరయ్య చెప్పాడు. ప్రభు కీబోర్డుకు అంటించిన చీటీని పీకి జేబులో పెట్టుకున్నాడు. కార్డు కూడా తీసేశాడు. ఎవరూ చూడలేదు. జనం ఎప్పుడూ చూడవలసింది చూడరు.

మొదటి చరణం అయింది. రెండోది సగంలో ఉండగా తలుపు దగ్గర వెలుగు తగ్గింది. చెరుకు గడల మధ్య దేవయ్య నిలబడి ఉన్నాడు. చంకలో పాత న్యూస్‌పేపర్‌లో చుట్టిన ఒక పొట్లం. ప్రభు చూశాడు. ఒక వేలు పక్క మెట్టు మీదికి జారింది. నక్క కూత పెట్టబోయి ఆగింది.

దేవయ్య కాగితం విప్పాడు. పెద్దక్షరాల పుస్తకం. కీబోర్డు అమ్మినవాడు దాన్ని అమ్మలేదు. మూడేళ్ల దుమ్ము దులిపి, పాట తీసి, నిలబడే పట్టుకున్నాడు.

రెండో చరణం అయిపోయింది. సుమిత్రమ్మ ఆగిపోయిన చోటు వచ్చింది. ప్రభు ఎడమచెయ్యి పైకి లేచింది. చర్చిలో నూరు ఎడమచేతులు లేచాయి. వెనక, తలుపు దగ్గర, ఇంకో ఎడమచెయ్యి కదిలింది. అది పైకి పోలేదు. పేజీ తిప్పింది. అన్ని చేతుల్లో పని చేసిన చెయ్యి అదొక్కటే.

కుడిచేతి రాగం ఆగలేదు. ఎడమచెయ్యి దిగింది. మూడో చరణం మొదలైంది.

సవిత వెనక్కి తిరిగి చూసింది. చాలాసేపు చూసింది.

పాట అయి, ప్రార్థన అయి, జనం బయట పడ్డాక దేవయ్య కీబోర్డు దగ్గరికి వచ్చాడు. కుడిపక్క ఆఖరి మెట్టు మీది గులాబి మరకను బొటనవేలితో ఒకసారి రుద్దాడు. ప్రభు లేచి నిలబడ్డాడు. సవిత రెండడుగుల దూరంలో నిలబడింది.

"మోగకుంట మూలకు కూసున్నది. సూడలేక అమ్మిన" అన్నాడు దేవయ్య. ఎవరితో అన్నాడో తెలియదు. మరక వైపే చూస్తున్నాడు. తర్వాత ప్రభు వైపు తిరిగాడు. "నువ్వు చెయ్యి ఎక్కువసేపు గాల్ల వెడ్తున్నవ్. ఆమె జల్ది తిప్పేది. తగ్గియ్యి."

"తగ్గిస్త మామా."

"గురువారం ఇంటికి రా. గీ సామాను తెచ్చుకో." పుస్తకాన్ని మళ్లీ కాగితంలో చుట్టి, దారం వెతికి, దొరక్క, చివరికి కూతురి వైపు తలెత్తాడు. "నడుమల ఎవ్వరు లేవద్దు. ఛాయ్ నేనే పెడ్త."

సవిత గొంతు సవరించుకుంది. మూడేళ్లుగా రెండే మాటలు పలికిన గొంతు అది. మూడోది రావడానికి కొంచెం సేపు పట్టింది.

"చక్కెర తక్కువెయ్యి బాపు" అంది. "పోయినసారి పాకం పెట్టినవ్."